మనుషులు తక్కువ, రైళ్లు ఎక్కువ: 1943 నాటి అమెరికా గ్యాంగు పద్ధతిలో కొత్తవాళ్లతో స్లీపరు మార్చడం

రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా రైల్వేల నుంచి మూడున్నర లక్షల మందికి పైగా ఉద్యోగులు సైన్యంలోకి వెళ్లారు. ఇంకెందరో కూలి ఎక్కువ ఇచ్చే ఓడల కార్ఖానాలకూ విమానాల కార్ఖానాలకూ మళ్లిపోయారు. సరిగ్గా అప్పుడే రవాణా ఎన్నడూ లేనంత పెరిగింది. 1929లో సుమారు 45,000 కోట్ల టన్ను-మైళ్లున్న సరుకు రవాణా 1944లో 73,000 కోట్లు దాటింది. పట్టా మీద బరువు పెరిగితే దాని కింద అడ్డంగా వేసిన చెక్క దిమ్మె, అంటే స్లీపరు, త్వరగా నలుగుతుంది, కంకర త్వరగా కుంగుతుంది. వాటిని చూసుకునే గ్యాంగుల్లోనేమో మనుషులు లేరు.

ఆ ఖాళీల్లోకి కొత్తవాళ్లు వచ్చారు. 1943 ఏప్రిల్ 29న అమెరికా, మెక్సికో ప్రభుత్వాల మధ్య రైల్వే కూలీల ఒప్పందం కుదిరింది. మొదట 6,000 మందికి అనుమతి ఇచ్చారు. 1945 ఆగస్టులో కార్యక్రమం ఆగేలోపు లక్షకు పైగా కాంట్రాక్టులు రాశారు. బ్రసేరోలు అని పిలిచిన ఈ కూలీల్లో ఎక్కువమంది సదరన్ పసిఫిక్, శాంటా ఫే లైన్ల మీద గ్యాంగు పని చేశారు. అమెరికా ఆదివాసులైన నవాహో తెగవాళ్లు వచ్చారు, పింఛను తీసుకున్న పెద్దవాళ్లు తిరిగి వచ్చారు, వేసవి సెలవుల్లో బడి కుర్రాళ్లు వచ్చారు. యుద్ధం చివరికి రైల్వేల్లో ఆడవాళ్లే లక్షకు పైగా ఉన్నారు. వీళ్లలో చాలామంది అంతకుముందు మేకులు పీకే క్లా బారు చేత్తో పట్టుకున్నవాళ్లు కారు.

అలాంటి మనుషులతో, చేతి పనిముట్లతో, రైళ్లు ఆపకుండా స్లీపర్లు ఎలా మార్చేవారో ఇక్కడ వివరంగా చెబుతున్నాం. పాత రైళ్లను నడిపి చూపించే మ్యూజియం లైన్ల మీద ఇప్పటికీ ఇదే పద్ధతిలో పని చేసే స్వచ్ఛంద కార్యకర్తలకు ఇది నేరుగా పనికొస్తుంది. చరిత్ర చదివేవాళ్లకు ఆ రోజుల్లో గ్యాంగు పని అంటే ఏమిటో కళ్లకు కడుతుంది.

ముందుగా ఒక మాట. గ్యాంగులో రెండు రకాల పనులుంటాయి, ఒళ్లు వంచే పని, కన్ను పెట్టే పని. తవ్వడం, మోయడం, లాగడం ఆరోగ్యంగా ఉన్న ఎవరికైనా కొద్ది రోజుల్లో పట్టుబడతాయి. ఏ స్లీపరు తీయాలి, పట్టా ఎంత ఎత్తాలి, ప్యాకింగ్, అంటే స్లీపరు కింద కంకర కుక్కడం, సరిగ్గా పడిందా అన్నది చూడటం మాత్రం ఏళ్ల మీద వచ్చే విద్య. చేతులు తక్కువైనప్పుడు మేస్త్రి తానూ పార పట్టుకుంటే పని ముందుకు సాగినట్టే కనిపిస్తుంది, కానీ ఆ రోజు కన్ను పెట్టేవాడు ఎవరూ ఉండరు. మేస్త్రి పార పట్టకూడదు.

ఎన్ని మార్చాలి, ఏవి మార్చాలి

అప్పట్లో అమెరికాలో పట్టా పొడవు 39 అడుగులు. దాని కింద 24 స్లీపర్లు వేస్తే రెండింటి మధ్య దూరం, నడిమి నుంచి నడిమికి, 19½ అంగుళాలు వస్తుంది. అంటే మైలుకు దాదాపు 3,250 స్లీపర్లు. క్రియోసోటు (చెక్క కుళ్లకుండా పట్టించే తారు నూనె) పట్టించిన ఓక్ స్లీపరు 25 ఏళ్లు ఉంటుందనుకుంటే ఏటా మైలుకు 130 మార్చాలి. 8 మైళ్ల సెక్షను ఉన్న గ్యాంగుకు ఏడాదికి 1,040 అవుతాయి. ఉత్తరాది రాష్ట్రాల్లో చలికాలం కంకర గడ్డకట్టిపోతుంది కాబట్టి చేతికి దక్కేవి 130 పనిదినాలే అనుకుందాం, రోజుకు 8 చొప్పున పడాలి. ఒక ఏడు చేయకపోతే మరుసటి ఏడు రోజుకు 16 చేయాలి. యుద్ధకాలంలో ఏటా ఇదే పేరుకుంటూ పోయింది. బరువు పెరగడం వల్ల 25 ఏళ్ల లెక్క కూడా నిలవలేదు.

అన్నీ మార్చలేనప్పుడు ఏవి ముందో మేస్త్రి స్వయంగా లైను వెంట నడిచి గుర్తు పెట్టాలి. పై చెక్క పగుళ్లు చూసి తీర్పు చెప్పకండి. పైన ఎండకు బీటలు తీసిన స్లీపరు లోపల గట్టిగా ఉండి ఇంకో అయిదేళ్లు మోయవచ్చు. పైకి నున్నగా కనిపించేది పట్టా కింద పిండైపోయి ఉండవచ్చు. సమ్మెటతో కొస దగ్గర, పట్టా పక్కన రెండు చోట్లా కొట్టి వినండి. గట్టి చెక్క ఖంగుమంటుంది, కుళ్లింది దబ్బుమంటుంది. పట్టాను చెక్కకు బిగించే పెద్ద మేకు, డాగ్ స్పైకు, వేళ్లతో కదిలితే చెక్క దాన్ని పట్టుకోవడం లేదని అర్థం. పట్టాకూ స్లీపరుకూ మధ్య ఉండే బేరింగ్ ప్లేటు చెక్కలోకి ఎంత దిగిందో కొలవండి.

ఆ తర్వాత వరుస చూడాలి. రెండు మంచి స్లీపర్ల మధ్య ఒక చెడ్డది కొన్నాళ్లు ఆగుతుంది. వరుసగా మూడు చెడిపోతే ఆగవు, పట్టా అక్కడ వంగి గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, తెరుచుకుంటుంది. పట్టా ముక్కలను కొసకు కొస కలిపే ఫిష్ ప్లేటు జాయింటు కింద ఉన్న వాటిలో ఒక్కటి చెడినా ఆగకూడదు, ఎందుకంటే పట్టా అన్నింటికన్నా బలహీనంగా ఉండేది అక్కడే, ప్రతి చక్రమూ దెబ్బ వేసేదీ అక్కడే. జాయింట్లు ముందు, వంపుల మీద వరుస చెడ్డవి తర్వాత, తిన్నని లైను మీద ఒంటి చెడ్డవి ఆఖరున. గుర్తు స్లీపరు మీద కాకుండా పట్టా నడుం మీద సుద్దతో లేదా రంగుతో పెట్టండి. కంకర తవ్వినా అది చెరగదు.

సామాను

మేస్త్రి కాక ఆరుగురున్న గ్యాంగుకు రెండు క్లా బార్లు, నాలుగు గడ్డపారలు, 10 పౌన్ల (పౌను అంటే దాదాపు అరకిలో) స్పైకు సమ్మెటలు రెండు, ట్రాకు జాకులు రెండు, స్లీపరు పటకార్లు రెండు జతలు, కంకర పారలూ ఫోర్కులూ కలిపి నాలుగు, స్లీపరు కింద కంకర కొట్టి కుక్కే బీటర్లు నాలుగు, గేజ్ కడ్డీ, లెవెల్ పలక, ఒక బాడిస, ఇవి చాలు. సమ్మెటకు, బీటరుకు అదనపు పిడులు తప్పకుండా ఉండాలి. కొత్తవాళ్లు గురి తప్పి పిడితో పట్టాను కొడతారు, మొదటి వారం పిడులే ఎక్కువ విరుగుతాయి.

స్లీపరుకు కనీసం నాలుగు స్పైకులు. 40 స్లీపర్లకు 160, వంగిపోయేవి కలుపుకుని 180 తెచ్చుకోండి. 6 అంగుళాల స్పైకు ఒక్కొక్కటి పౌనుకు కాస్త తక్కువ తూగుతుంది, 180 అంటే ఇద్దరి మోత. పక్క స్లీపర్లలో వదులైన స్పైకులు తీసి మళ్లీ కొట్టాల్సి వస్తే పాత కంతలు పూడ్చడానికి క్రియోసోటు పట్టించిన చెక్క మేకులు కూడా కావాలి. కంత పూడ్చకుండా అందులోనే స్పైకు దించితే రెండు నెలల్లో మళ్లీ వదులవుతుంది.

పని మొదలయ్యే ముందు

రాబోయే రైళ్ల జాబితా ఉంది కదా అని జెండా మనిషిని పెట్టకుండా పని మొదలుపెట్టకూడదు. యుద్ధకాలంలో సైనిక రైళ్లు, సరుకుల ఎక్స్‌ట్రాలు టైంటేబుల్లో లేకుండానే వచ్చేవి. రెండు వైపులా ఆ లైను నిబంధనల పుస్తకం చెప్పిన దూరంలో ఎర్రజెండా, చక్రం కింద పేలి డ్రైవరును హెచ్చరించే డిటోనేటర్లు, మంట కర్రలు ఉన్న మనిషిని నిలబెట్టాలి. రైలు దిగువకు వచ్చే వైపు ఇంకా దూరం కావాలి.

మేస్త్రులు ఎక్కువగా చేసే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. జెండా పని కూర్చునే పనిలా కనిపిస్తుంది కాబట్టి బరువు మోయలేని వాళ్లనో నిన్న చేరిన వాళ్లనో అక్కడికి పంపుతారు. గ్యాంగు మొత్తం ప్రాణం ఆ ఒక్కరి చేతిలో ఉంటుంది. డిటోనేటరు పట్టాకు ఎలా బిగించాలో, రైలు ఆగకపోతే ఏం చేయాలో, తనను వెనక్కి పిలిచేదాకా కదలకూడదని గట్టిగా తెలిసినవాళ్లే అక్కడ ఉండాలి. ఒళ్లు సహకరించని పాత గ్యాంగ్‌మన్‌కు ఇంతకంటే తగిన పని లేదు.

మెక్సికో నుంచి వచ్చినవాళ్లకు స్పానిష్ వచ్చు, మేస్త్రికి ఇంగ్లీషు వచ్చు. మాట అర్థం కాకపోయినా పని నడవాలంటే చేతి సైగలు నాలుగు ఖాయం చేసుకోవాలి. ఆగు, ఎత్తు, దించు, లైను వదిలి పక్కకు వెళ్లు. చివరిదాన్ని రోజూ ఉదయం ఒకసారి నిజంగా చేయించండి. సైగ ఇవ్వగానే అందరూ పనిముట్లతో సహా ఒకే వైపుకు వెళ్లాలి. సగం మంది అటు, సగం మంది ఇటు పోతే ఎవరో ఒకరు పనిముట్టు కోసం మళ్లీ లైను దాటుతారు.

పాత స్లీపరు తీయడం

జతలుగా పని ఇవ్వండి, ప్రతి జతలో ఒక పాత చేయి, ఒక కొత్త చేయి ఉండాలి.

స్లీపరుకు ఒక పక్క కంకరను దాని అడుగు మట్టం దాకా, రెండో పక్క సగం దాకా తవ్వండి. స్లీపరు ఏ కొస వైపు బయటికి రావాలో అక్కడ గట్టును తెరవండి. తీసిన కంకరను పట్టాల మధ్య కుప్ప పోయకండి, ఇంజను అడుగుభాగానికి తగులుతుంది. గట్టు మీద వేసి, మట్టి కలిసినదాన్ని ఫోర్కుతో జల్లించి విడిగా పెట్టండి.

స్పైకు పీకేటప్పుడు తుప్పు పట్టినది మొండికేస్తుంది. వెంటనే క్లా బారు మీద వేలాడకండి. సమ్మెటతో స్పైకు తల మీద ఒక దెబ్బ కిందికే వేయండి. చెక్కకూ ఇనుముకూ మధ్య పట్టు విడిపోతూ టక్కుమని చిన్న శబ్దం వస్తుంది. ఆ తర్వాత క్లా బారు గోరు తల కిందికి పూర్తిగా దూర్చి నిదానంగా నొక్కితే స్పైకు కిర్రుమంటూ పైకి వస్తుంది. బారుకు అటొక కాలు ఇటొక కాలు వేసి నిలబడకూడదు, గోరు జారితే బారు తొడల మధ్యకు లేస్తుంది. గోరు సరిగ్గా దూరకపోతే బారు మడమ మీద ఒకరు సమ్మెటతో కొడతారు. ఆ సమయంలో పట్టుకున్న మనిషి ముఖం తిప్పుకోవాలి, ఉక్కు మీద ఉక్కు పడితే రవ్వ ముక్క కంట్లోకి వస్తుంది.

జాకును పట్టాకు బయటి వైపే పెట్టాలి. లోపలి వైపు పెడితే, తీయడం ఆలస్యమైన ఒక్కసారి చాలు, చక్రం అంచు దానికి తగిలి బండి పట్టా తప్పుతుంది. ప్లేటు వదులై బయటికి జారేంత మాత్రమే ఎత్తండి. కొత్త గ్యాంగులు పని సులువవుతుందని రెండు అంగుళాలు ఎత్తేస్తాయి. అప్పుడు రెండు పక్కల మంచి స్లీపర్లు కూడా పట్టాతో పాటు లేస్తాయి, వాటి కిందికి కంకర రాళ్లు దొర్లుతాయి, జాకు దించాక అక్కడ మూపు మిగులుతుంది. ఒక స్లీపరు మార్చబోయి మూడింటిని పాడుచేసినట్టు.

ఎండ ముదిరాక ఎక్కువ దూరం కంకర తెరిచి పెట్టకండి. పట్టాను పక్కకు పోకుండా పట్టి ఉంచేది కంకరే. వేడికి సాగిన పట్టాకు జాయింట్లలో చోటు లేకపోతే తెరిచిన చోటే పాములా వంకర తిరుగుతుంది. పక్కపక్కన ఉన్న రెండు స్లీపర్లను ఒకేసారి తీయవద్దు. ఒకటి పూర్తిగా బిగించాకే రెండోదానికి వెళ్లండి. తవ్విన చోటును ప్యాకింగ్ చేయకుండా మధ్యాహ్నం భోజనానికి కూడా లేవకూడదు.

కొత్తది దూర్చడం

పాత స్లీపరు కింది నేల ఏళ్ల తరబడి బరువు మోసి రాయిలా గట్టిపడి ఉంటుంది. దాన్ని పాడుచేయకపోవడమే ఈ మొత్తం పనిలో నేర్చుకోవాల్సిన పెద్ద పాఠం. పాతది ప్లేటు కింద అర అంగుళం అరిగి ఉంటే కొత్తది అంత లావుగా ఉంటుంది. ఆ తేడా, దూర్చడానికి మరో అర అంగుళం, అంతే గీకండి. పార దొరికింది కదా అని నాలుగు అంగుళాలు తవ్వితే ఆ గుంటలో ఎంత కంకర కుక్కినా ఏడాది పాటు కుంగుతూనే ఉంటుంది.

7 అంగుళాల మందం, 9 అంగుళాల వెడల్పు, 8½ అడుగుల పొడవున్న క్రియోసోటు ఓక్ స్లీపరు దాదాపు 200 పౌన్లు తూగుతుంది. ఇద్దరు పటకార్లతో పట్టి లాగాలి. గునపం మొనతో గుచ్చి లాగడం, సమ్మెటతో మధ్యలో కొట్టి దూర్చడం వద్దు. క్రియోసోటు పైపొరలోకే బాగా ఇంకుతుంది, ఆ పొరకు కన్నం పడితే నీరు లోపల క్రియోసోటు పట్టని చెక్కను చేరి అక్కడినుంచే కుళ్లు మొదలవుతుంది.

కొసన వలయాలు చూసి పెట్టండి. చెట్టు గుండె ఉన్న వైపు కిందికి రావాలి. అప్పుడు వలయాలు గొడుగు ఆకారంలో కనిపిస్తాయి, వాన నీరు పగుళ్లలో నిలవకుండా జారుతుంది. తిరగేస్తే అవే వలయాలు గిన్నెలా నీరు పట్టుకుంటాయి.

క్రియోసోటు చర్మాన్ని కాలుస్తుంది, ఎండ తగిలితే ఇంకా మండుతుంది. పొడుగు చేతుల చొక్కా, చేతి తొడుగులు వేసుకోవాలి, మెడకూ ముఖానికీ వ్యాజలీను లాంటిది రాసుకోవాలి, చేతులు కడగకుండా కళ్లు తుడుచుకోకూడదు. కొత్తవాళ్లకు ఈ సంగతి మొదటి స్లీపరు ముట్టుకోకముందే చెప్పాలి. సాయంత్రం బొబ్బలు చూసి చెప్పడం అన్యాయం.

స్పైకులు కొట్టడం

ప్లేటు పెట్టి జాకు దించండి. ఒకరు గడ్డపారను స్లీపరు కొస కింద పెట్టి, చెక్క దిమ్మ ఆనించి, స్లీపరును పైకి లేపి పట్టాకు అదిమిపట్టాలి. ఈ మనిషిని అనవసరం అనుకుని తీసేయకండి. అదిమిపట్టకుండా కొడితే స్పైకు దిగుతుంది, కానీ స్లీపరు పావు అంగుళం కిందికి వేలాడుతూ ఉంటుంది. రైలు వచ్చినప్పుడల్లా పట్టా దిగి దాన్ని కొడుతుంది, నెల తిరగకుండా స్పైకులు పైకి లేస్తాయి.

మొదట సరిగ్గా ఉన్న పట్టా వైపు కొట్టి, ఆ తర్వాత గేజ్ కడ్డీ పెట్టి రెండో పట్టా వైపు కొట్టాలి. గేజ్ 4 అడుగుల 8½ అంగుళాలు, పట్టా తల పై మట్టానికి ⅝ అంగుళం కింద కొలుస్తారు. స్లీపరు మీద లోపలి స్పైకులు రెండూ ఒక అంచు వైపు, బయటి స్పైకులు రెండూ రెండో అంచు వైపు రావాలి. ఎదురెదురుగా ఒకే గీత మీద కొడితే చెక్క నిలువునా చీలుతుంది. ఒక పట్టా దగ్గర ఒక తీరున, రెండో పట్టా దగ్గర ఇంకో తీరున కొడితే స్లీపరు వంకరగా తిరుగుతుంది, గేజ్ బిగుస్తుంది.

స్పైకును నిలబెట్టడానికి రెండు మూడు తేలిక దెబ్బలు వేయండి, తనంతట తాను నిలబడ్డాకే పూర్తి ఊపు ఇవ్వాలి. పక్క మనిషి చేత్తో స్పైకు పట్టుకుని ఉంటే సమ్మెట ఎత్తకూడదు. పక్కకు వంగిన స్పైకును అడ్డంగా కొట్టి సరిచేయడం వద్దు, కంత పెద్దదవుతుంది. పీకి, కంతలో చెక్క మేకు దించి, కొత్తది కొట్టండి. స్పైకు తల పట్టా అడుగు అంచుకు తాకగానే ఆపాలి. ఇంకో దెబ్బ వేస్తే మెడ దగ్గర కంటికి కనిపించని పగులు వచ్చి, చలికాలంలో తల ఎగిరిపోతుంది. సమ్మెట పట్టా తలకు తగలనివ్వకండి, ఆ గాటు దగ్గరే పట్టా పగులు మొదలవ్వవచ్చు.

ప్యాకింగ్

తొందరలో గ్యాంగులు దీన్నే ఎగ్గొడతాయి, పైకి కనిపించదు కాబట్టి. కానీ మిగతా పనంతా ఎంత బాగా చేసినా ఇది సరిగ్గా పడకపోతే పని మొత్తం వృథా.

స్లీపరుకు అటొకరు ఇటొకరు ఎదురెదురుగా నిలబడి ఒకే చోట ఒకే సమయంలో బీటరు వేయాలి. ఒక్కరే వేస్తే కంకర కింద నిలవకుండా అవతలి వైపుకు దూసుకుపోతుంది. కొస నుంచి మొదలుపెట్టి పట్టా కింద గట్టిగా, పట్టా లోపలి వైపు 15 అంగుళాల దాకా అంతే గట్టిగా కొట్టండి. మధ్య భాగంలో కంకర ఊరికే నింపి వదిలేయండి. మధ్యలో గట్టిగా కొడితే స్లీపరు త్రాసు కాడలా నడుం మీద నిలుస్తుంది, రెండు కొసలూ ఊగుతాయి, చివరికి నడుమునే విరుగుతుంది. కొత్తవాళ్లు ఉత్సాహంగా అంతటా సమానంగా కొడతారు, అందుకే పట్టా లోపల 15 అంగుళాల దగ్గర సుద్ద గీత గీసి ఇవ్వండి.

రాయి ముప్పావు నుంచి అంగుళంన్నర లోపు ఉండాలి. పిడికిలంత రాయి ఒకటి కింద ఇరుక్కుంటే స్లీపరు దాని మీదే నిలిచి చుట్టూ బోలుగా ఉంటుంది.

అయిపోయాక సమ్మెట పిడితో స్లీపరు రెండు కొసల మీదా కొట్టి వినండి. చేతికి తిరిగి తన్నినట్టు గట్టిగా వస్తే పడింది. డొల్ల శబ్దం వస్తే మళ్లీ. లెవెల్ పలక పెట్టి రెండు పట్టాల ఎత్తు చూడండి. కొత్త స్లీపరు పక్కవాటి కంటే ఎత్తుగా ఉండకూడదు, అలా ఉంటే ఆ మూడింటి బరువు అదొక్కటే మోస్తుంది.

కంకర పూడ్చి గట్టు సరిచేశాక మొదటి రైలు దాని మీద పోయేటప్పుడు మేస్త్రి పక్కన వంగి చూడాలి. స్లీపరు దిగి లేస్తుంటే, లేదా వాన పడిన రోజు దాని పక్కనుంచి బురదనీరు చిమ్ముతుంటే ప్యాకింగ్ చాలలేదు. మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఒకసారి మళ్లీ బీటరు వేయాల్సిందే. లెక్కలో రోజుకు 8 అని రాసుకున్నా నిన్నటి వాటికి తిరిగి వెళ్లే గంట అందులో కలిపే ఉండాలి.

కలిసి ఎత్తే పనులు

గజానికి 112 పౌన్ల పట్టా 39 అడుగుల ముక్క 1,456 పౌన్లు తూగుతుంది. పన్నెండు మంది పట్టినా తలకు 121 పౌన్లు. ఒకరు ముందు వదిలితే ఆ బరువు పక్కవాళ్ల వీపు మీద పడుతుంది. కాబట్టి ఎత్తమనీ దించమనీ చెప్పే గొంతు ఒక్కటే ఉండాలి. పట్టాను పక్కకు జరిపే పనిలో దక్షిణ రాష్ట్రాల నల్లజాతి గ్యాంగులు పాట కట్టి, ఆ తాళానికి గడ్డపారలు ఒక్కసారే ఒత్తేవి. హైలెస్సా అన్నట్టే, అది ఉల్లాసం కోసం పాడే పాట కాదు, ఎనిమిది మంది బలాన్ని ఒకే క్షణంలో ఒకే చోట పెట్టే పనిముట్టు. కొత్త గ్యాంగుకు పాట రాకపోతే అంకెలు చెప్పినా సరే, తాళం ఉండాలి.

మనిషి నిలవాలంటే

మూడు వారాలు నేర్పిన మనిషి వెళ్లిపోతే ఆ మూడు వారాల పాత చేయి పని కూడా పోయినట్టే. పని కష్టమై వెళ్లేవాళ్ల కంటే తాగునీళ్లు, పడక, తిండి సరిగ్గా లేక వెళ్లేవాళ్లే ఎక్కువ. పాత బోగీల్లో బస ఇచ్చినప్పుడు ముందు నీళ్ల తొట్టి చూడండి, తర్వాత కిటికీల జాలి చూడండి. పని చోట నీళ్లు మోసే మనిషి వేరుగా ఉండాలి, అది దుబారా కాదు.

కూలి విషయంలో మాట నిలబెట్టుకోవాలి. బ్రసేరోల కూలిలో నూటికి పది పొదుపు పేరుతో పట్టుకుని మెక్సికో బ్యాంకులకు పంపారు. చాలామందికి అది చేతికి రానేలేదు, 2001లో అమెరికా కోర్టులో దావా వేసి 2008లో రాజీ కుదిరేదాకా వృద్ధులు ఎదురుచూశారు. ఇక కొరతలో కొంత చేతులారా తెచ్చుకున్నదే. మనుషులు లేరని ఒకవైపు అంటూనే ఇంజనుల మీద పనిచేసే నల్లజాతి ఫైర్‌మన్‌లను పైమెట్టు పనులకు రానివ్వని ఒప్పందాలు రాసుకున్నారు. 1944 డిసెంబరులో, స్టీల్ అనే నల్లజాతి కార్మికుడు వేసిన కేసులో, అమెరికా సుప్రీంకోర్టు, యూనియన్ తనలో చేర్చుకోని కార్మికులకు కూడా న్యాయంగా ప్రాతినిధ్యం వహించాలని చెప్పాల్సి వచ్చింది. పని వచ్చిన చేయి కళ్లెదుట ఉండగా ఖాళీ పెట్టుకోవడం కంటే పెద్ద నష్టం గ్యాంగులో ఇంకేదీ లేదు.

రైలు పోతున్నప్పుడు గ్యాంగు పని

రైలు వచ్చిందంటే విశ్రాంతి అనుకుంటారు. నిజానికి అప్పుడు గ్యాంగుకు ఇంకో పని ఉంది, హాట్ యాక్సిల్, అంటే వేడెక్కిన ఇరుసు, కనిపెట్టడం. ఆనాటి బోగీల యాక్సిల్ బాక్సులో ఇరుసు కొస మీద ఇత్తడి బేరింగు ఆనుకుని ఉండేది, కింద నూనెలో నానిన నూలు వేస్టు (పనికిరాని నూలు పోగులు) కుక్కి ఉండేది. యార్డుల్లో ఈ నూనె పని కూడా కొత్త చేతుల మీదే పడింది. వేస్టు కొక్కెంతో కదిపి, ఇరుసు అడుగుకు తాకేలా వెనక్కి నెట్టాలి, ఇరుసు నడిమి మట్టానికి పైకి రాకూడదు, పోగులు బయటికి వేలాడకూడదు. ఒక్క పోగు బేరింగు కిందికి లాక్కుపోతే నూనె పొర తెగి, రాపిడికి బాక్సు కాలుతుంది. కాలిన ఇరుసు మీద చన్నీళ్లు పోస్తే ఉక్కు పగులుతుంది, దాన్ని నిదానంగా చల్లారనివ్వాలి.

1943 సెప్టెంబరు 6న ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్‌ఫర్డ్ జంక్షన్ దగ్గర కాంగ్రెషనల్ లిమిటెడ్ అనే ప్రయాణికుల రైలు ఇలాగే పట్టా తప్పింది. ఏడో బోగీ బాక్సు వేడెక్కి ఇరుసు విరిగింది. 79 మంది చనిపోయారు. దారిలో ఒక యార్డులో పనివాళ్లు మంటలు చూసి ఫోన్ చేశారు, కానీ సిగ్నలు పడేలోపే బండి అక్కడికి చేరింది.

అందుకని గ్యాంగును రైలుకు ఒకే వైపు నిలబెట్టినా ఒక్క అనుభవం ఉన్న మనిషిని, రైలు రాకముందే, రెండో వైపు ఉంచండి. బాక్సులు రెండు వైపులా ఉంటాయి, ఒక వైపు నుంచి సగమే కనిపిస్తాయి. పొగ, కాలిన నూలు వాసన, కీచుమనే శబ్దం, రాత్రయితే ఎర్రని వెలుగు, వీటిలో ఏది కనిపించినా చివరి బోగీలో ఉన్న సిబ్బందికి ఆగమని సైగ చేయాలి. సైగ చూడకపోతే ఎన్నో బోగీయో లెక్క గుర్తుపెట్టుకుని దగ్గరి ఫోన్‌కు పరుగెత్తాలి. ఆ ఫోన్ ఎక్కడుందో, దాన్ని ఎలా తిప్పాలో, అవతల ఎవరు ఎత్తుతారో కొత్తగా చేరిన మనిషికి మొదటి రోజు ఉదయమే, పార చేతికి ఇవ్వకముందే, తీసుకెళ్లి చూపించండి.